ఎనిమిది లైట్లూ వెలిగాయి, నెట్ మాత్రం కదల్లేదు: బ్రాడీపేట ఆడిటర్ ఆఫీసు కేస్ స్టడీ

సెప్టెంబరు రెండో వారం. ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులకు గడువు 30వ తేదీ. ఆ రోజుల్లో గుంటూరు బ్రాడీపేటలో ఏ ఆడిటర్ ఆఫీసు ముందు నుంచి వెళ్లినా రాత్రి పదింటికి కూడా ట్యూబ్‌లైట్లు వెలుగుతూనే ఉంటాయి. అలాంటి ఒక ఆఫీసు నుంచి, నెట్‌వర్క్ కేబుళ్ల పని చేసే నాకు ఫోన్ వచ్చింది.

"ఏమయ్యా, 300 ఎంబీ ప్లాన్ తీసుకున్నాం. స్పీడ్ టెస్ట్ పెడితే తొంభై చిల్లర దాటదు. టాలీ అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లెడ్జర్ తెరవాలంటే టీ తాగి రావచ్చు. నెట్ వాళ్లొచ్చి మా లైన్ బ్రహ్మాండంగా ఉందని వెళ్లిపోయారు. సిస్టమ్స్ చూసే అబ్బాయి సర్వర్ ఫార్మాట్ కొడదాం అంటున్నాడు. ఈ నెల్లో ఫార్మాటేంటయ్యా, నా ప్రాణం తియ్యడానికి కాకపోతే?"

"ఫార్మాట్ జోలికి పోనివ్వకండి సార్. సాయంత్రం వస్తా" అన్నాను.

ఆయన చెప్పిన దాంట్లో నా చెవికి తగిలింది ఒకటే మాట: తొంభై చిల్లర దాటదు. లైన్ నిజంగా స్లో అయితే ఒకసారి 140, ఒకసారి 65, ఇంకోసారి 210 చూపిస్తుంది. ప్రతిసారీ గోడకు గుద్దుకున్నట్టు ఒకేచోట ఆగదు. అలా ఆగిందంటే దారిలో ఎక్కడో ఒక లింకు 100 ఎంబీపీఎస్ దగ్గర కూర్చుందని అర్థం. 100 లింకు మీద ప్యాకెట్ల పైతొడుగులు పోను అసలు సరుకు 94, 95 దాకా వస్తుంది. అంతకు మించి రాదు.

ఆఫీసు రెండంతస్తులు. కింద రిసెప్షన్, ఆడిటర్ గారి గది, వెనక చిన్న గదిలో సర్వర్. పైన హాల్లో స్టాఫ్, ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసే పిల్లలు. సర్వర్‌తో కలిపి 16 సిస్టమ్స్, రెండు ప్రింటర్లు, నాలుగు కెమెరాలు. మెట్ల కింద చిన్న ర్యాక్‌లో 24 పోర్టుల గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్, కేబుళ్లన్నీ వచ్చి కలిసేది అందులోనే. కేబుల్ మూడేళ్ల క్రితం ఇంటీరియర్ పని జరిగినప్పుడు లాగారు. లాగింది కరెంటు పని చేసినతనే. ఆయన్ని తప్పుపట్టి ఉపయోగం లేదు. ఫ్యాన్లకూ ఏసీలకూ వైర్లు లాగే చేత్తోనే ఇదీ లాగమన్నారు, లాగాడు. పైగా కేబుల్ మంచిదే, రాగి క్యాట్ సిక్స్.

ముందు ఒక్కో సిస్టమ్ దగ్గర కూర్చుని సెట్టింగ్స్‌లో ఈథర్‌నెట్ లింక్ స్పీడ్ చూసుకుంటూ వెళ్లాను. ఇది ఎవరైనా చేసుకోగలిగిన పరీక్ష, పైసా ఖర్చు లేదు. 1000 చూపించాలి. 16 సిస్టమ్స్‌లో ఏడు 100 చూపించాయి. రెండు 1000 చూపించి, కాసేపటికి లింక్ తెగి, మళ్లీ వచ్చాయి. మిగతా ఏడు శుభ్రంగా ఉన్నాయి. ఆ 100 చూపించిన ఏడింటిలో ఒకటి సర్వర్.

అక్కడే సగం కథ తేలిపోయింది. టాలీ డేటా అంతా సర్వర్లో ఉంది. పదిహేను మంది ఒకేసారి దాని మీద పడతారు. సర్వర్ లింకు 100 అంటే సెకనుకు పదకొండు, పన్నెండు మెగాబైట్లు, అది అందరూ కలిసి పంచుకోవాలి. నాలుగు లైన్ల రోడ్డు వేసి చివర్లో సైకిల్ పట్టే సందు వదిలినట్టు. నెట్ రౌటర్ కూడా ఆ వెనక గదిలోనే ఉంది. అయితే దాని కేబుల్ బాగానే ఉంది. సర్వర్ మీద స్పీడ్ టెస్ట్ పెట్టి చూశారు కాబట్టి ఇంటర్నెట్టే తొంభై దగ్గర ఆగినట్టు కనిపించింది.

నేను తప్పటడుగు వేసిన చోటు

ఇక్కడ నా పరువు కాస్త పోయింది. సర్వర్ కేబుల్‌ని స్విచ్‌లో ఒక పోర్టు నుంచి పీకి ఇంకో పోర్టులో పెట్టాను. వెంటనే 1000 వచ్చింది! "పోర్టు పోయింది సార్, స్విచ్ మార్చాలి" అని ఆడిటర్ గారి ముందే తీర్పు చెప్పేసి, మా కుర్రాణ్ని బండి మీద అరండల్‌పేట పంపించి ఇంకో స్విచ్ తెప్పించాను. అరగంట పోయింది. కొత్త స్విచ్ బిగించాం. పది నిమిషాలు 1000. మళ్లీ 100.

పోర్టు మారినందుకు కాదు, పీకి పెట్టినప్పుడు కేబుల్ చివరి ప్లాస్టిక్ కనెక్టర్ కదిలినందుకు బాగుపడింది. ఇన్నేళ్లు ఈ పనిలో ఉండి కూడా, కదిపితే బాగుపడేది కనెక్టరేనన్న సంగతి మర్చిపోయాను. ఆడిటర్ గారు ఏమీ అనలేదు. కళ్లజోడు పైనుంచి ఒకసారి చూశారు, అంతే.

మా కుర్రాడు అప్పటికే టెస్టర్ పెట్టి చూశాడు. "అన్నా, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలుగుతున్నాయి. కేబుల్ ఓకే."

ఈ కేసు మొత్తం ఆ వాక్యం చుట్టూ తిరుగుతుంది. రెండు ముక్కల టెస్టర్ ఉంటుందే, ఒక చివర పెద్దది, ఇంకో చివర చిన్నది, ఒక్కో లైటు వెలుగుతూ పోతుంది. అది చెప్పేది ఒకటే: ఈ చివర ఒకటో పిన్ను ఆ చివర ఒకటో పిన్నుకు ఎలాగో ఒకలా తగులుతోంది. ఎంత గట్టిగా తగులుతోంది, ఏ తీగ దేనితో మెలిపడి వచ్చింది, ఇవేవీ దానికి తెలియవు. తీగ అంచు పిన్నును గీరుకున్నా లైటు వెలుగుతుంది. డోర్‌బెల్ మోగినంత మాత్రాన ఇంట్లో మోటారు తిరుగుతుందని చెప్పలేం కదా.

కోసిన కనెక్టర్లో ఏముంది

సర్వర్ వైపు కనెక్టర్ కోసేసి, ఫోన్ కెమెరా జూమ్ చేసి ముందు వైపు నుంచి చూశాను. కనెక్టర్ మూతి పారదర్శకంగా ఉంటుంది. లోపల ఎనిమిది రాగి చుక్కలు వరసగా మూతికి ఆనుకుని కనిపించాలి. ఆరే కనిపించాయి. బ్రౌన్ జంట ఒక మిల్లీమీటరున్నర వెనకే ఆగిపోయింది. వైట్ బ్రౌన్ మీద పిన్ను దిగింది కానీ అంచున దిగింది. బ్రౌన్ మీద పిన్ను సగం ప్లాస్టిక్ మీద, సగం రాగి మీద కూర్చుంది.

ఎందుకు ఆగిపోయాయంటే, కేబుల్ క్యాట్ సిక్స్, కనెక్టర్ క్యాట్ ఫైవ్‌ఈ. మామూలుగా క్యాట్ సిక్స్‌లో తీగ 23 గేజ్, ఫైవ్‌ఈలో 24 గేజ్. గేజ్ అంకె తగ్గితే తీగ లావు. చూడ్డానికి తేడా తెలియదు కానీ పైన తొడుగుతో కలిపి ఎనిమిది లావు తీగల్ని ఒకే వరసలో సన్న గాడుల్లోకి తోస్తే చివరి రెండు మొరాయిస్తాయి. క్యాట్ సిక్స్ కనెక్టర్లలో చాలావాటికి గాడులు పైన నాలుగు, కింద నాలుగు ఎగుడుదిగుడుగా ఉండేది అందుకే. లావు తీగలకు చోటు దొరకాలని.

ఇంకో సంగతి పిన్నుల్లోనే ఉంది. గోడల్లోంచి లాగే కేబుల్లో ఒక్కో తీగ ఒంటి కడ్డీ. గోడ నుంచి సిస్టమ్‌కి పెట్టే పొట్టి మెత్తటి కేబుళ్లలో, అంటే ప్యాచ్ కార్డుల్లో, సన్న పోగుల కట్ట. పోగుల కోసం చేసిన కనెక్టర్లో పిన్ను కొనకు రెండు పళ్లు తిన్నగా ఉంటాయి, పోగుల మధ్యలోకి గుచ్చుకుంటాయి. ఒంటి కడ్డీ మీద అవే పళ్లు జారి పక్కకు పోతాయి. కడ్డీకి చేసిన వాటిలో పళ్లు కాస్త అటూ ఇటూ వంగి, తీగకు రెండు వైపులా కాళ్లు వేసి పట్టుకుంటాయి. దుకాణంలో లూజుగా కవర్లో కట్టి అమ్మే కనెక్టర్లు ఏ రకమో అమ్మేవాడికీ తెలియదు. నాలుగైదు రూపాయల దగ్గర బేరమాడి తెచ్చేది ఇదే.

మూడోది జాకెట్. కేబుల్ పై తొడుగు కనెక్టర్ లోపలికి వెళ్లి, వెనక ఉన్న ప్లాస్టిక్ నాలుక కింద నొక్కుకుని ఉండాలి. ఇక్కడ తొడుగు అంగుళం బయటే ఆగిపోయి, ఎనిమిది తీగలు జడ విప్పినట్టు బయటికి కనిపిస్తున్నాయి. అంటే కేబుల్ బరువంతా ఎనిమిది పిన్నుల మీదే వేలాడుతోంది. రోజూ పొద్దున ఊడ్చే ఆవిడ చీపురు తగిలితే సర్వర్ స్లో.

ఇంత లోపం ఉన్నా నెట్ పూర్తిగా పోకుండా 100 దగ్గర ఎందుకు ఆగింది? రాగి తీగ మీద గిగాబిట్ 1999లో వచ్చింది. అది నాలుగు జంటలూ వాడుకుంటుంది, నాలుగింటి మీదా రెండు వైపులా ఒకేసారి మాట్లాడుతుంది. 100 ఎంబీకి రెండు జంటలు చాలు, 1, 2, 3, 6 పిన్నులు. బ్రౌన్ ఉండేది 7, 8. అది తడబడితే చాలా నెట్‌వర్క్ కార్డులు రెండు మూడుసార్లు గిగాబిట్ ప్రయత్నించి, కుదరక, చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. ఎర్రర్ రాదు, తెరమీద ఏ గుర్తూ కనిపించదు. పని నడుస్తూనే ఉంటుంది, నత్తలా.

ఏడింటిలో సర్వర్ కాక ఇంకో మూడు కూడా ఇదే జబ్బు. ఇంకో రెండిటి కథ వేరు. హాల్లో పక్కపక్కనే ఉన్న రెండు టేబుళ్లకు ఒకే కేబుల్ లాగి, ఆరెంజ్, గ్రీన్ జంటలు ఒకదానికి, బ్లూ, బ్రౌన్ జంటలు ఇంకోదానికి కనెక్టర్లు కొట్టారు. ఆ రోజుకు తెలివైన పనే. కానీ అవి జన్మలో 100 దాటవు. ఆ మూలకు తాత్కాలికంగా ఐదు పోర్టుల చిన్న స్విచ్ పెట్టి ఒకే కేబుల్ మీద నడిపించాం. ఏడోదాని సంగతి చివర్లో చెప్తాను.

ఆ రాత్రి కొట్టిన ఒక కనెక్టర్

"30వ తేదీ దాకా గోడలు ముట్టుకోవద్దు, సిస్టమ్స్ ఆపొద్దు" అని ఆడిటర్ గారి షరతు. సరేనని ఆ రాత్రి సర్వర్‌ది, ఇంకో మూడూ మాత్రం మార్చాం. సర్వర్‌ది నేనే కొట్టాను. ఒక ఆర్టికల్ అమ్మాయి ఫోన్ టార్చ్ పట్టుకుంది.

ముందు తొడుగు అంగుళం మేర తీశాను. బ్లేడు కేబుల్ చుట్టూ తిప్పేటప్పుడు పూర్తిగా దించను. సగం లోతు గీత పెట్టి కేబుల్‌ని అటూ ఇటూ వంచితే తొడుగు గీత దగ్గరే విడిపోతుంది, లోపలి తీగలకు గాటు పడదు. గాటు పడ్డ ఒంటి కడ్డీ ఆ రోజు పనిచేస్తుంది, ఆరు నెలలకు అక్కడే విరుగుతుంది. క్యాట్ సిక్స్ లోపల ప్లస్ ఆకారంలో ప్లాస్టిక్ దూలం ఉంటుంది, దాన్ని తొడుగు అంచుకు సమంగా కత్తిరించాను. కొందరు దాన్ని వదిలేసి కనెక్టర్లోకి తోస్తారు. తీగలు వెనక్కి ఆగిపోవడానికి అదీ ఒక కారణం.

తర్వాత జంటలు విప్పి, ఒక్కో తీగనీ స్క్రూడ్రైవర్ కాడ మీద రాసి తిన్నగా చేశాను. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, బ్లూ, వైట్ బ్లూ, గ్రీన్, వైట్ బ్రౌన్, బ్రౌన్. ఎనిమిదీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పక్కపక్కన పరిచి, నలిపి, తొడుగు నుంచి 13 మిల్లీమీటర్లు ఉంచి ఒకే కోతతో కత్తిరించాను. ఆ 13 మిల్లీమీటర్లే లెక్క. అంతకంటే ఎక్కువ మెలిక విప్పకూడదు. వాలుగా కోస్తే ఒక పక్క పొట్టి అవుతుంది, అందుకే ఒకే కోత.

కనెక్టర్ కొక్కెం కిందికి, రంధ్రం నా వైపు. అలా పట్టుకుంటే ఎడమ చివర ఒకటో పిన్ను. తీగల్ని మెల్లగా తోస్తూ, మూతి దగ్గర ఎనిమిది చుక్కలు కనిపించేదాకా ఆగకుండా నొక్కాను. "ఎనిమిదీ కనిపిస్తున్నాయా?" అన్నాను టార్చ్ పట్టుకున్న అమ్మాయితో. లెక్కపెట్టి "ఎనిమిది, అంకుల్" అంది. తొడుగు నాలుక దాటి లోపలికి వెళ్లిందో లేదో చూసి, అప్పుడు క్రింపర్ అనే పటకారులో పెట్టి చివరిదాకా నొక్కాను. పిన్నుల తలలు ప్లాస్టిక్ గట్ల కంటే పైకి తేలకూడదు. తేలితే అవి స్విచ్ పోర్టు లోపలి స్ప్రింగుల్ని వంచి పోర్టునే పాడుచేస్తాయి. ఈ ఆఫీసు పాత స్విచ్‌లో రెండు పోర్టులు అలాగే పోయాయని తర్వాత తేలింది. కాబట్టి నేను స్విచ్ మీద వేసిన నింద పూర్తిగా అబద్ధం కాదు. ఈ మాట ఆడిటర్ గారికి కూడా చెప్పుకున్నాను.

"ఇంతేనా అంకుల్? దీనికోసమా మేం పదిహేను రోజులుగా తిట్లు తింటున్నది?" అంది ఆ అమ్మాయి.

సర్వర్ 1000కి ఎక్కింది. పైన హాల్లోంచి ఎవరో "ఓపెనయిందిరోయ్" అని అరిచారు.

తప్పు రెండు చివర్లా ఒకేలా ఉంటే

నాకు ఆసక్తి కలిగించింది మాత్రం తెగుతూ వస్తున్న ఆ రెండు సిస్టమ్స్. హాలు చివర కిటికీ పక్కవి. ర్యాక్ నుంచి దాదాపు 38 మీటర్ల కేబుల్. కనెక్టర్లు చూడ్డానికి చక్కగా ఉన్నాయి. తొడుగు లోపలికి వెళ్లింది, ఎనిమిది చుక్కలూ ఉన్నాయి. టెస్టర్లో వరస తప్పలేదు.

కిటికీ వెలుతురుకు పెట్టి రంగులు చదివాను. వైట్ ఆరెంజ్, ఆరెంజ్, వైట్ గ్రీన్, గ్రీన్, వైట్ బ్లూ, బ్లూ, వైట్ బ్రౌన్, బ్రౌన్. రెండో చివరా అంతే.

బుద్ధిగా ఆలోచిస్తే ఇదే సరైన వరస అనిపిస్తుంది. ఏ జంట తీగ దాని పక్కనే ఉంది. టెస్టర్ కూడా శభాష్ అంటుంది, ఎందుకంటే ఒకటో పిన్ను ఒకటో పిన్నుకే వెళ్తోంది. కానీ అవతల ఉన్న నెట్‌వర్క్ కార్డు 3, 6 పిన్నుల్ని ఒక జంటగా, 4, 5ని ఇంకో జంటగా చదువుతుంది. మన వరసలో మూడులో వైట్ గ్రీన్, ఆరులో బ్లూ. ఆ రెండూ దారి పొడవునా ఎప్పుడూ కలిసి మెలిపడలేదు.

మెలికలో అసలు కిటుకు ఉంది. జంటలో ఒక తీగ మీద పడ్డ బయటి గోల, దాన్ని చుట్టుకుని ఉన్న రెండో తీగ మీదా దాదాపు అంతే పడుతుంది. అవతల చివర రెండు తీగల మధ్య తేడాని మాత్రమే చదువుతారు, కాబట్టి సమానంగా పడ్డ గోల కొట్టుకుపోతుంది. వేర్వేరు జంటల్లోంచి ఒక్కో తీగ తెచ్చి కలిపితే ఆ రక్షణ ఉండదు. పైగా 3, 6 మీద వెళ్లే మాట 4, 5లోకి, అక్కడిది ఇక్కడికి కారిపోతుంది. పెళ్లి భోజనాల్లో ఎదురెదురు బల్లల వాళ్లు మాట్లాడుకున్నట్టు ఉంటుంది. దీన్నే మా పనిలో స్ప్లిట్ పెయిర్ అంటారు. రెండు మీటర్ల ప్యాచ్ కార్డులో అయితే బయటపడకుండా బతికేస్తుంది. 38 మీటర్లలో బతకదు.

మరి సరైన వరసలో మధ్యలో ఈ వంకర ఎవరు పెట్టారు? పాత టెలిఫోన్ వైరింగే. ఫోన్ జాక్‌లో మొదటి లైను నట్టనడి రెండు పిన్నుల మీద ఉంటుంది, రెండో లైను దాన్ని చెరో పక్కన పట్టుకుని ఉంటుంది. 1991లో మొదటిసారి వచ్చిన అమెరికన్ కేబులింగ్ ప్రమాణం ఆ అలవాటును అలాగే ఉంచేసింది. అందుకే నడుమ 4, 5లో బ్లూ జంట, దానికి అటూ ఇటూ 3, 6. టి568ఏ అయినా టి568బి అయినా ఈ అమరిక మారదు, ఆరెంజ్, గ్రీన్ మాత్రమే చోట్లు మార్చుకుంటాయి. మన దగ్గర అందరూ కొట్టేది బి. ఏది కొట్టినా నాకు అభ్యంతరం లేదు, ఆఫీసు మొత్తం ఒకటే ఉంటే చాలు.

లెక్క కోసం కొలిచి చూశాను. నా దగ్గర లక్షల ఖరీదు చేసే సర్టిఫికేషన్ టెస్టర్ లేదు. ఎర్రర్లు లెక్కపెట్టే చిన్న మేనేజ్డ్ స్విచ్, రెండు ల్యాప్‌టాప్‌లు, వాటి మధ్య స్పీడ్ కొలిచే ఐపెర్ఫ్ ప్రోగ్రాం ఉన్నాయి, చాలు. మంచి కేబుల్ మీద 940 చిల్లర నిలకడగా వచ్చింది. స్ప్లిట్ పెయిర్ మీద గిగాబిట్ పావుగంట కూడా నిలవలేదు. బలవంతంగా 100కి దించితే 40 నుంచి 70 మధ్య ఊగింది, స్విచ్‌లో సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో పాడైన ప్యాకెట్ల) అంకె ఆటో మీటర్లా తిరిగింది. కేబుల్ ముట్టుకోకుండా రెండు చివరా కనెక్టర్లు మాత్రం కోసి సరైన వరసలో కొట్టాం. 940. ఎర్రర్లు సున్నా.

మా కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అన్నా, పట్టాభిపురంలో మన ఇంటి ఓనర్ గారి కేబుల్ నేను ఇలాగే కొట్టా." మర్నాడు పొద్దున్నే వెళ్లి మార్చి వచ్చాడు.

కనెక్టర్ తప్పు కానిది

గేటు దగ్గరి కెమెరా రాత్రి పూట మాత్రమే ఆరిపోయి వెలుగుతోందని వాచ్‌మన్ చెప్పాడు. నేనూ అలవాటుగా కనెక్టర్ మీదే పడ్డాను. రెండు చివరా మార్చాను. మార్పు లేదు.

ఈ ఒక్క కేబుల్ వేరే వాళ్లు తర్వాత వేసింది. తీగ మీద బ్లేడుతో గీరితే పైన రాగి రంగు పోయి తెల్లటి లోహం బయటపడింది. అల్యూమినియం మీద రాగి పూత. ఒక చివర ఒక జంటను మెలివేసి, ఇంకో చివర మల్టీమీటర్ పెట్టాను. 55 మీటర్లు పోయి రావడానికి నికార్సయిన 24 గేజ్ రాగి అయితే తొమ్మిది ఓములు చూపించాలి. ఇది 15.5 చూపించింది.

పైగా కెమెరాకు కరెంటు ఇదే కేబుల్లో 12 వోల్టులుగా పంపుతున్నారు, స్ప్లిటర్ జతతో. పోవడానికి రెండు తీగలు, రావడానికి రెండు, కాబట్టి దారి నిరోధం సగం, దాదాపు 7.8 ఓములు. పగలు కెమెరా 0.2 ఆంపియర్లు తీసుకుంటుంది. వోల్టున్నర పోతుంది, నెట్టుకొస్తుంది. చీకటి పడగానే రాత్రి చూపు కోసం ఉన్న ఐఆర్ లైట్లు వెలిగి 0.5 ఆంపియర్లు లాగుతుంది. నాలుగు వోల్టులు దారిలోనే ఆవిరి. ఎనిమిది వోల్టుల మీద కెమెరా పడిపోతుంది, లైట్లు ఆరతాయి, వోల్టేజి కోలుకుంటుంది, మళ్లీ లేస్తుంది. తెల్లారేదాకా ఇదే ఆట. కెమెరాకు అసలైన పీవోఈ (నెట్ కేబుల్లోనే కరెంటు తీసుకునే ఏర్పాటు) ఉంది, 48 వోల్టుల స్విచ్‌కి మార్చాం. అదే ఆరు వాట్లకు కరెంటు నాలుగో వంతు సరిపోతుంది, దారిలో పోయేది వోల్టు మాత్రమే. కేబుల్ కూడా మార్చమని రాసిచ్చాను. ఇంకా మార్చలేదు.

దసరా సెలవుల్లో

గడువు దాటాక, ఆఫీసు మూసిన రెండు రోజుల్లో అసలు పని చేశాం. గోడలోంచి వచ్చే ఒంటి కడ్డీ కేబుల్‌కి నేరుగా కనెక్టర్ కొట్టి సిస్టమ్‌కి పెట్టడమే నా లెక్కలో మొదటి తప్పు. ఎంత బాగా కొట్టినా అది కదలడానికి పుట్టిన తీగ కాదు. అందుకే కనెక్టర్లన్నీ కోసేసి, టేబుల్ దగ్గర గోడకు ఐఓ బాక్సు (నెట్ ప్లగ్ పెట్టే డబ్బా), అందులో కీస్టోన్ జాక్. ర్యాక్ వైపు ప్యాచ్ ప్యానెల్, అంటే గోడల్లోంచి వచ్చే కేబుళ్లన్నీ వరసగా బిగించే జాక్‌ల పట్టీ. జాక్ వెనక పంచింగ్ టూల్‌తో నొక్కితే తీగ రెండు పలకల మధ్య ఇరుక్కుంటుంది, దాన్నిక ఎవరూ కదపరు. అక్కడి నుంచి సిస్టమ్‌కి కంపెనీలో చేసిన మెత్తని ప్యాచ్ కార్డు. చీపురు తగిలి పోతే కార్డు పోతుంది, గోడలోది పోదు. రెండు టేబుళ్లకు ఒకే కేబుల్ ఉన్న చోట రెండోది లాగాం.

కీస్టోన్ పక్కన రంగుల స్టిక్కర్ మీద ఏ, బి రెండూ ఉంటాయి. ఒకచోట మా కుర్రాడు తొందర్లో ఒక చివర ఏ, ఇంకో చివర బి కొట్టాడు. ఈ రోజుల్లో పరికరాలు అడ్డం తిరిగిన జంటల్ని వాటంతటవే సర్దుకుంటాయి, నెట్ మామూలుగా వచ్చింది. చిత్రం ఏమిటంటే దీన్ని పట్టించింది ఆ లైట్ల టెస్టరే: ఇక్కడ ఒకటి వెలిగితే అక్కడ మూడు వెలిగింది. ఊడదీసి మళ్లీ కొట్టించాను.

మిర్చి యార్డులో కమీషన్ కొట్ల ఆఫీసులకు నేనిలా ఐఓలు వేసినప్పుడు మూత ఉన్న ఫేస్‌ప్లేట్లే వాడతాను. కారం ధూళి జాక్‌లోకి పోతే తుడవడానికి కూర్చున్నవాడికి తుమ్ములూ కన్నీళ్లూ ఆగవు. బ్రాడీపేటలో ఆ బాధ లేదు.

ఇక ఆ ఏడోది. అది ఆడిటర్ గారి సొంత టేబుల్. కనెక్టర్లు రెండు చివరా మార్చాను, 100 దాటలేదు. నా మేనేజ్డ్ స్విచ్‌లో కేబుల్ టెస్ట్ పెడితే బ్రౌన్ జంట ర్యాక్ నుంచి 11 మీటర్ల దగ్గర తెగినట్టు చూపించింది. టేపు పెట్టి కొలుచుకుంటూ వెళ్తే ఆయన గదిలో టేకు ప్యానెలింగ్ వెనక తేలింది. ప్యానెల్ బిగించిన రోజు ఏదో మేకు దిగి ఉంటుంది.

"ప్యానెల్ విప్పాలి సార్" అన్నాను.

ఆయన ప్యానెల్ వంక చూశారు, నా వంక చూశారు. "నేను చూసేది పీడీఎఫ్‌లేగదయ్యా. నాకు వంద చాలు. దాని జోలికి పోకు."

ప్యాచ్ ప్యానెల్లో ఆ పోర్టు కింద '100 మాత్రమే, బ్రౌన్ 11 మీ. దగ్గర తెగింది' అని మార్కర్‌తో రాసి ర్యాక్ తలుపు వేశాను.